మారినవాళ్లమా, మార్చబడ్డవాళ్లమా?

మమ్మల్ని పిలిచే పేర్లలో 'కన్వర్టెడ్ ముస్లింలు' ఒకటి. మా తాతల తాతలు ఏనాడో కలిమా చదివారు. అయినా ఆ మాట మా వెనకాలే నడిచివస్తోంది. ఏ తరంలోనూ రాలిపోదు. అందుకే అసలు ఆ ఇంగ్లీషు క్రియ పుట్టుక ఏమిటో చూశాం.

లాటిన్‌లో 'వెర్తెరె' అంటే తిరగడం, తిప్పడం. దానికి ముందు 'కాన్' చేరితే పూర్తిగా మళ్లడం. ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి దిగింది. తొలి వాడుకల్లోనే మతం అర్థం ఉంది. నాగటి చాలుకీ, కవిత్వంలో పాదానికీ లాటిన్‌లో వాడిన 'వెర్సుస్' కూడా ఈ 'వెర్తెరె' పిల్లే. సంస్కృతంలో 'వృత్' ధాతువు దీనికి దాయాది. పరివర్తన, ఆవృత్తి, వృత్తి అన్నీ ఆ ఇంటి పిల్లలే. అంటే దూదేకుల వాడి వృత్తికీ, వాడి మీద వేసిన 'కన్వర్ట్' ముద్రకీ ఎక్కడో చుట్టరికం ఉందన్నమాట! అరబ్బీలోనూ అంతే. గుండెని 'ఖల్బ్' అంటారు, విప్లవాన్ని 'ఇన్‌ఖిలాబ్' అంటారు. రెండూ తిరగడం అనే ధాతువు నుంచే వచ్చాయి.

పేచీ అంతా వ్యాకరణంలో ఉంది. ఇంగ్లీషులో తను మారినా, ఇంకొకర్ని మార్చినా క్రియ ఒక్కటే. తెలుగు అలా ఊరుకోదు. 'మారాడు' వేరు, 'మార్చాడు' వేరు. మా ఊళ్లలో ఈ రెండూ కాక మూడో మాట ఉంది: 'కలిశారు'. ఫలానా వాళ్లు కిరస్తానంలో కలిశారు, ఫలానా వాళ్లు తురకల్లో కలిశారు. ఎగతాళిగా అన్నా సరే, చరిత్రకి దగ్గరగా ఉన్నది ఈ మాటే.

ఎందుకంటే కలవడం ఒక్కరోజులో జరగదు. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ పంజాబులో పాక్‌పట్టన్ బాబా ఫరీద్ దర్గా చుట్టూ ఉన్న జాట్ తెగల్ని పరిశీలించాడు. సియాల్ తెగ వంశావళుల్లో 15వ శతాబ్ది మొదట్లో ముస్లిం పేర్లు అరకొరగానే ఉన్నాయి. అన్నీ ముస్లిం పేర్లే కావడానికి 19వ శతాబ్ది తొలినాళ్లు రావాల్సి వచ్చింది. నాలుగు వందల ఏళ్లు! ఇందులో కత్తి ఏ ఏడాది దూసినట్టు? 1993లో వచ్చిన బెంగాల్ పుస్తకంలో ఆయనే ఇంకో సంగతి చూపించాడు. ముస్లింలు ఎక్కువగా ఉన్నది సుల్తానుల, మొగలుల అధికారం గట్టిగా ఉన్న ఢిల్లీ, ఆగ్రా చుట్టుపక్కల కాదు. దూరాన తూర్పు బెంగాల్లో, పడమటి పంజాబులో. మా దూదేకుల ఇళ్లలో నిన్నమొన్నటిదాకా తెలుగు పేర్లున్నాయంటే ఆశ్చర్యమెందుకు?

చట్టానికి మాత్రం 'మార్చాడు' ఒక్కటే వినబడుతుంది. ఒరిస్సా 1967లో, మధ్యప్రదేశ్ 1968లో మతమార్పిడి చట్టాలు చేశాయి. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, మతాన్ని ప్రచారం చేసే హక్కులో ఇంకొకర్ని మార్చే హక్కు లేదంది. సరే, మరి తనంతట తను మారినవాడి సంగతి? 1981లో తిరునల్వేలి జిల్లా మీనాక్షిపురంలో వందలమంది దళితులు ఇస్లాం తీసుకున్నప్పుడు దేశమంతా ఎవరు మార్చారని వెతికింది. ఏ డబ్బు, ఏ గల్ఫ్ అని ఆరా తీసింది. ఎందుకు మారారని ఆ వాడలోకి వెళ్లి అడిగినవాళ్లు తక్కువ.

మారితే కులం పోతుందా? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాని హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ కలిపారు. 2015లో కె.పి. మను కేసులో సుప్రీంకోర్టు, వెనక్కి తిరిగి వచ్చినవాణ్ని ఆ కులస్థులు ఒప్పుకుంటే పాత కులం దక్కుతుందంది. ఆంధ్రప్రదేశ్ జాబితాలు పక్కపక్కన పెట్టి చూడండి. షెడ్యూల్డ్ కులాల్లో 'మెహతర్' అని ఉంటుంది. వెనకబడిన తరగతుల 'ఎ' గ్రూపులో 'మెహతర్ (ముస్లిం)' అని ఉంటుంది. ఇద్దరూ ఎత్తింది ఒకటే తట్ట.