హార్ట్‌బ్లీడ్

హార్ట్‌బ్లీడ్ అనేది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఓపెన్ సోర్స్ భద్రతా సాఫ్ట్‌వేర్‌లో 2014 ఏప్రిల్ 7న బయటపడ్డ లోపం. అవతలి కంప్యూటర్ చెప్పిన పొడవును సరిచూడకుండా నమ్మడం వల్ల, సర్వర్ తన మెమరీలోంచి ఒక్కో విడతకు 64 కిలోబైట్ల వరకు సమాచారాన్ని అప్పగించేసేది. అందులో పాస్‌వర్డులూ ఉండొచ్చు, రహస్య తాళాలూ ఉండొచ్చు. చూసే కళ్లు ఎక్కువైతే తప్పులు దాగవని 1997లో ఓపెన్ సోర్స్ ప్రచారకుడు ఎరిక్ రేమండ్ చేసిన వాదానికి ఇది గట్టి దెబ్బ. 2012 మార్చిలో విడుదలైన 1.0.1 వెర్షన్ నుంచి రెండేళ్లకు పైగా ఆ తప్పు అందరి ఎదుటే ఉంది. తలుపు తెరిచి ఉండటం వేరు, ఎవరైనా లోపలికి తొంగిచూడటం వేరు.

అయితే మూసిన కోడే మేలనేవారికి 2017 అడ్డొస్తుంది. ఆ ఏడాది మే నెలలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వాడుకున్నది విండోస్‌లోని లోపాన్ని. కోడ్ దాచి ఉన్నా అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ ఆ లోపాన్ని ముందే కనిపెట్టి తన దగ్గరే అట్టిపెట్టుకుంది. మైక్రోసాఫ్ట్ మార్చిలోనే సవరణ ఇచ్చిన మాట నిజమే, కానీ వేసుకోనివారు చాలామంది. తేడా తెలిసేది తప్పు బయటపడ్డాకే. ప్రపంచమంతా వాడుకునే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను అప్పటిదాకా చూసుకున్నది గుప్పెడు మందే. హార్ట్‌బ్లీడ్ తర్వాత లైనక్స్ ఫౌండేషన్ ద్వారా నిధులిచ్చిన సంస్థల్లో, చిత్రంగా, మైక్రోసాఫ్ట్ కూడా ఉంది. నమ్మకం పోయిన ఓపెన్‌బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ బృందమైతే 2014 ఏప్రిల్‌లోనే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్ తీసుకుని లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ పేరుతో వేరు కుంపటి పెట్టుకుంది. విండోస్ వాడేవారికి ఆ వీలు లేదు.