కడప జిల్లా పట్టణాలు – త్రిమితీయ అంతర్జాల పటాల చరిత్ర

పొడవు, వెడల్పులతోపాటు ఎత్తునూ చూపుతూ, చూసేవారు తెరపై తమకు నచ్చిన కోణంలో తిప్పి పరిశీలించుకోగల పటాలను త్రిమితీయ పటాలు అంటారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతం విషయంలో ఇలాంటి పటాలలోకి కొండలు, లోయలు ముందు చేరాయి. ఇళ్లు, వీధుల వంతు చాలా ఆలస్యమయింది.

1800లో నిజాం ఈ ప్రాంతంతో కూడిన దత్త మండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన తరువాత ఈ సీమ కాలిన్ మెకంజీ సర్వేల పరిధిలోకి వచ్చింది. ఆయన సిబ్బంది గ్రామాల వృత్తాంతాలను కైఫియతులుగా సేకరించారు. 1802లో మద్రాసు వద్ద విలియం లాంబ్టన్ ఆరంభించిన త్రికోణమితి సర్వే పద్ధతి ఎత్తులను లెక్కగట్టడానికీ తోడ్పడినా, కాగితపు పటంపై ఆ ఎత్తు అంకెగానో, సమాన ఎత్తున్న చోట్లను కలిపే గీతగానో మాత్రమే కనిపించేది.

ఆ అంకెలకు రూపం రావడానికి అంతరిక్షం నుంచి తీసిన కొలతలు అవసరమయ్యాయి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక రాడార్‌తో భూమి ఎత్తులను కొలిచింది. అయితే భారతదేశానికి తొలుత అందుబాటులోకి వచ్చిన సమాచారంలో సుమారు 90 మీటర్లకు ఒక ఎత్తు చొప్పునే ఉండడంతో, జమ్మలమడుగు చేరువలో పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకుంటూ సాగే గండికోట లోయ వంటి నిట్రమైన చోట్ల అంచులు నునుపెక్కిపోయేవి. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన కార్టోశాట్-1లోని రెండు కెమెరాలలో ఒకటి ముందుకు, మరొకటి వెనక్కు వంగి ఒకే నేలను రెండు కోణాలలో చిత్రించేవి. ఆ రెండు చిత్రాల మధ్య తేడానుంచి ఎత్తు తెలుస్తుంది. అదే ఏడాది గూగుల్ ఎర్త్, 2009లో ఇస్రో వారి భువన్ నేల ఎత్తుపల్లాలను సామాన్యుల కంప్యూటర్లకు చేర్చాయి. భువన్ నిర్వహణ హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానిది.

పట్టణం కథ వేరు. నిట్టనిలువుగా పైనుంచి తీసిన చిత్రంలో మిద్దెల పైభాగాలే తప్ప గోడలు కనిపించవు. ప్రొద్దుటూరులోని బంగారు, బట్టల అంగళ్ల వీధులవంటి ఇరుకైన చోట్లను యథాతథంగా చూపాలంటే విమానం నుంచో డ్రోను నుంచో ఏటవాలుగా, ఒక దానిపై ఒకటి కొంత కప్పుకొనేలా అనేక ఫోటోలు తీసి, వాటిలోని ఉమ్మడి బిందువులను కంప్యూటరు చేత జతపరిచి, ఏర్పడిన ఆకృతికి ఫోటోలనే తొడగాలి. ఛాయాచిత్రమితి అనే ఈ పద్ధతిని 2012 నుంచి గూగుల్ పెద్ద ఎత్తున వినియోగించింది. అంతకుముందు స్కెచప్ వంటి సాధనాలతో ఔత్సాహికులు ఒక్కో కట్టడాన్ని చేత్తో మలిచేవారు.

భారతదేశంలో వైమానిక చిత్రణకు ముందస్తు అనుమతులు తప్పనిసరి కావడం దీనికి పెద్ద అడ్డంకిగా నిలిచింది. 2021 ఫిబ్రవరి 15న వెలువడిన కేంద్ర మార్గదర్శకాలు భారతీయ సంస్థలకు పటనిర్మాణంలో చాలా ఆంక్షలను తొలగించాయి. మరుసటి ఏడాది వీధుల చిత్రాలను చూపే స్ట్రీట్ వ్యూ హైదరాబాదుతో సహా పది నగరాలలో మొదలయింది. మార్కెట్ పెద్దగా లేని చిన్న పట్టణాలు ఇలాంటి జాబితాలలో ముందు వరుసకు రాకపోవడం సహజమే.

చిన్న పట్టణాలకు మిగిలిన మార్గం స్వచ్ఛంద కృషి. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా ఇంటి హద్దులు గీసి, ఎన్ని అంతస్తులో రాయవచ్చు. ఆ అంకె ఆధారంగా కంప్యూటరు ఆ ఇంటిని పెట్టె ఆకారంలో లేపుతుంది. దానిలో రంగు, కిటికీ, బోర్డు ఉండవు కనుక నిజరూపమనలేము. 2025 ఫిబ్రవరి 18న 152 పట్టణ స్థానిక సంస్థలలో కేంద్రం ప్రారంభించిన ‘నక్ష’ కార్యక్రమం వైమానిక చిత్రణను పట్టణ భూరికార్డుల కోసం వినియోగిస్తోంది; దాని లక్ష్యం ఆస్తుల హద్దులు తేల్చడమే గాని, పట్టణాన్ని తెరపై ప్రదర్శించడం కాదు.