కొల్లేరు మళ్ళీ కొలనయ్యేనా?

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు కొల్లేరు. మన ఆటోనగర్ వాసులకు అది ఏలూరు వారి సంగతిగా తోచవచ్చు. కాని మైలవరం వైపు కొండల్లో పుట్టి, బెజవాడ ఉత్తరపు పేటల మీదుగా పారే బుడమేరు చివరకు కలిసేది కొల్లేటిలోనే. తమ్మిలేరు, రామిలేరు, వరిచేల మురుగు కాలువలూ అక్కడికే చేరతాయి. ఇన్ని నీళ్ళూ సముద్రానికి పోయే దారి ఒక్క ఉప్పుటేరే.

పూర్వం కొల్లేరు వానలకు నిండేది, ఎండలకు తగ్గేది. నీరు తీసిన చోట రైతులు వరి వేసేవారు. లంకగ్రామాల వడ్డీలు వలలతో చేపలు పట్టి బతికేవారు. 1946లో పక్షిశాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ ఈ ప్రాంతంలోని ఆరేడు గ్రామంలో గూడబాతుల స్థావరాన్ని గుర్తించారు. 1970 దశకంలో అవి ఆ చోటు విడిచిపోయాయి.

ఆ దశకంలోనే కథ మలుపు తిరిగింది. 1976లో ప్రభుత్వం పేదల సహకార సంఘాలకు సరస్సు భూమిలో చేపల చెరువులు తవ్వుకొనే అవకాశమిచ్చింది. ఉద్దేశం మంచిదే. కాని క్రమంగా చెరువులు పెట్టుబడిదారుల లీజుల్లోకి పోయాయి. గట్లు పెరిగాయి, నీటి దారులు మూసుకుపోయాయి.

1999లో ఐదు అడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చోటు దక్కింది. సుప్రీంకోర్టు ఆదేశాలపై 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట గట్లు తెగ్గొట్టారు. నీరు పరుచుకుంది గాని, చెరువులపై ఆధారపడిన కూలీల ఉపాధి పోయింది. సరిహద్దును మూడు అడుగుల కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. 2011లో అజీజ్ కమిటీ అందుకు సమ్మతించలేదు. ఈలోగా చాలాచోట్ల చెరువులు మళ్ళీ వెలిశాయి. గట్టు కొట్టడం కొద్దిరోజుల పని. అక్కడి మనిషికి మరో బతుకుతెరువు చూపకపోతే ఆ గట్టు మళ్ళీ లేస్తుందని అనుభవం చెప్పింది.

ఆటపాకలో గూడబాతులు నేడు గూళ్ళు పెడుతున్నాయి. చెట్లు చాలక అటవీశాఖ ఇనుప మంచెలు వేసింది. సంతోషమే, కాని మంచె చెట్టు కాదు. కొల్లేరు కొలనుగా నిలవాలంటే గుర్రపుడెక్క తొలగాలి, ఏరుల ముఖద్వారాలు తెరచుకోవాలి, ఉప్పుటేరు పూడిక తీయాలి.

వాతావరణం మారుతున్న ఈ రోజుల్లో ఇది మరీ అవసరం. నెల వాన రెండు రోజుల్లో కురుస్తోంది. ఎండాకాలం ఏరులు వట్టిపోతే ఉప్పునీరు ఉప్పుటేరు గుండా పైకి ఎగదన్నుతోంది. 2024 సెప్టెంబరులో బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లు పడి సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి మునిగాయి. గండ్లు పడింది ఎగువనే అయినా, దిగువన నీరు పరుచుకొనే చోటు, పోయే దారి లేకపోతే ముంపు త్వరగా తీయదు.

కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు మనవలను తీసుకువెళ్ళే పెద్దలు అమ్మవారి దర్శనంతో పాటు ఆ నీటి కథ కూడా వారికి చెప్పాలి. సరస్సుకు దాని చోటు దానికి ఇస్తేనే మన ఇళ్ళు మనకు మిగులుతాయని పిల్లలకు తెలియాలి.