లెక్క తప్పడం, లెక్క చేయకపోవడం

గోరంట్లలో 'ఎస్టిమేట్' అనే మాటకు నిఘంటువు అక్కర్లేదు. చెక్‌డ్యాముకు, బడి ప్రహరీకి, సిమెంటు రోడ్డుకు ఇంజనీరు వేసేది ఎస్టిమేటు. డబ్బు చాలకపోతే రివైజ్డ్ ఎస్టిమేటు. దానికి ముందు 'అండర్' తగిలిందా, మాట ఆఫీసు గడప దాటి టీ అంగడి దగ్గరికి వస్తుంది. అక్కడ చెక్‌డ్యామును ఎవరూ అండర్ ఎస్టిమేట్ చేయరు, మనుషులనే చేస్తారు. "నన్ను అండర్ ఎస్టిమేట్ చేయొద్దు" అని సినిమాలో హీరో అంటాడు, ఎలక్షన్లప్పుడు ఓడిపోబోయే అభ్యర్థి మనిషీ అంటాడు. ఇంగ్లీషులో అంచనాకు సంబంధించిన ఈ మాట మన నోట బెదిరింపుగా మారింది.

దీని మూలం లాటిన్ 'ఎస్తిమారే'. వెలకట్టడమని అర్థం. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన పాయ 'ఎస్టీమ్', అంటే గౌరవం. లాటిన్ నుంచి నేరుగా తెచ్చుకున్నది 'ఎస్టిమేట్'. గురి అనే అర్థంలో వాడే 'ఎయిమ్' కూడా ఆ ఇంటి పిల్లే. ఒకరిని గౌరవించడమూ ఒక వస్తువుకు వెల చెప్పడమూ ఒకే పుట్టుక. ఇంగ్లీషువాళ్లు వాటిని వేరు కాపురాలు పెట్టించి చాలా కాలమైంది.

మా సీమలో వేరు పెట్టలేదు. ఇక్కడ 'లెక్క' అంటే డబ్బు. "లెక్క ఇచ్చినాడా?" అని అడిగితే బాకీ తీర్చాడా అని. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన మాస్టారు దాన్ని ఎక్కాల సంగతి అనుకుంటే మనం నవ్వుకోకూడదు. "వానికి లెక్క లేదు" అన్నారనుకోండి: వాడి దగ్గర డబ్బు లేదనవచ్చు, వాడు ఎవరినీ ఖాతరు చేయడనవచ్చు. "వాణ్ని ఎవరూ లెక్క చేయరు" అంటే ఇక వాడి సంగతి చెప్పనక్కర్లేదు. చేతిలో లెక్క లేనివాణ్ని ఊరు లెక్క చేయదన్న చేదు నిజాన్ని ఇంత పొదుపుగా చెప్పే మాట ఇంగ్లీషులో ఉందని నేననుకోను. 'ఎన్నిక' కూడా ఇలాంటిదే. ఎన్నడమంటే లెక్కపెట్టడం, ఎన్నదగినవాడంటే గౌరవించదగినవాడు. ఎలక్షనుకు ఆ పేరు ఊరికే రాలేదు.

ఇంకో జట్టు మాటలున్నాయి: చులకన, తేలిక. ఇవి తూకం మాటలు. బరువు లేనిది చులకన. చెనక్కాయలు కొనే వ్యాపారి గోతంలో మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి, అడుగు నుంచి పిడికెడు కాయలు తీస్తాడు. ఒకటి చెవి దగ్గర ఆడిస్తాడు. నాలుగు వొలిచి గింజల్ని అరచేతిలో దొర్లిస్తాడు: ఏది నిండుగా ఉంది, ఏది ముడతలు పడింది. పొట్టు ఊదేసి ఒక రేటు చెబుతాడు. రైతు ముఖం మాడుతుంది. ఆ వ్యాపారి సరుకును అండర్ ఎస్టిమేట్ చేశాడా? లేదు. పప్పు ఎంత పట్టిందో వాడికి రైతుకన్నా బాగా తెలుసు. తెలిసే తక్కువ చెప్పాడు.

అసలు ఇంగ్లీషు మాట మనకు ఎందుకు ఇంత ముద్దొచ్చిందో నాకు ఇక్కడే అర్థమవుతుంది. "ఆ పిల్లోణ్ని అండర్ ఎస్టిమేట్ చేశాన్రా" అని ఎవరైనా హాయిగా ఒప్పుకుంటారు. "ఆ పిల్లోణ్ని చులకన చేశాను" అని ఒప్పుకునేవాణ్ని వెతకాలి. మొదటిది కూడిక తప్పడం, రెండోది బుద్ధి తప్పడం. అరువు మాట నేరాన్ని పొరపాటుగా మార్చి పెడుతుంది.

వాడుకలో చిన్న తేడాలున్నాయి, మన పత్రికలు వాటిని పట్టించుకోవు. రాబోయేదాన్ని, కనపడనిదాన్ని తక్కువగా ఊహిస్తే అండర్ ఎస్టిమేట్. వర్షాన్ని, ఖర్చును, ఎదుటివాడి సత్తాను. కళ్లముందున్నదాని విలువ తగ్గించి చూస్తే అండర్ వాల్యూ. రావలసినంత పేరు రాకపోతే అండర్ రేటెడ్. లేపాక్షి వీరభద్రాలయం 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కింది. గోరంట్ల మాధవరాయస్వామి గుడి కూడా విజయనగర కాలానిదే, స్తంభాల మీద శిల్పం చూసి తీరవలసిందే, కానీ లేపాక్షికి పోయే బస్సులు ఇటు తిరగవు. ఇది అండర్ రేటెడ్. మనం మూడింటికీ 'తక్కువ అంచనా' అనే ఒక్క చొక్కా తొడుగుతున్నాం. ఆపైన "ఆయన సేవలను తక్కువ అంచనా వేయలేం" అని రాస్తాం. ఎంత తక్కువగా వేసినా ఇంకా ఎక్కువే అవుతుందని దాని అర్థం, అంటే తిట్టు! ఇంగ్లీషు 'కెనాట్'లో కూడదు, లేము రెండూ ఇరుక్కుని ఉన్నాయి కాబట్టి వాళ్లూ అక్కడే జారుతుంటారు. మనకు రెండు మాటలు విడివిడిగా ఉండి కూడా వాళ్ల గుంటలోనే పడుతున్నాం.

ఈ మాటల్లో ఒకదాన్ని గోరంట్ల మండలంలోనే చట్టప్రకారం నేర్పుతున్నారు. పాలసముద్రంలో 500 ఎకరాల్లో కస్టమ్స్, పరోక్ష పన్నులు, మాదకద్రవ్యాల జాతీయ అకాడమీ ఉంది. 2024 జనవరి 16న ప్రధాని ప్రారంభించారు. రేవులో దిగిన సరుకుకు వెలకట్టడం కస్టమ్స్ అధికారి మొదటి పని. 1962 కస్టమ్స్ చట్టం 14వ సెక్షను ప్రకారం కొన్నవాడు నిజంగా ఇచ్చిన, ఇవ్వవలసిన ధరే విలువకు ఆధారం. చూపిన ధర నిజమేనా అని సందేహించడానికి కారణం ఉంటే దాన్ని తోసిపుచ్చవచ్చని 2007 నాటి నియమాల్లో 12వది చెబుతుంది. అక్కడ అండర్ వాల్యుయేషన్ అంటే ఎవరూ ఎవరి విలువనూ పొరబడలేదు. పదివేల వస్తువుకు రెండువేలని బిల్లు రాసినవాడికి అసలు ధర పైసలతో సహా తెలుసు. మన చెనక్కాయల వ్యాపారి మాదిరే.

నేర్చుకోవడానికి అకాడమీ దాకా పోనక్కర్లేదు, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు చాలు. పొలం అమ్మేటప్పుడు చేతులు మారేది ఒక మొత్తం, దస్తావేజులో రాసేది ప్రభుత్వ ధరకు సరిపోయేంత మొత్తం. స్టాంపు డ్యూటీ కలిసొస్తుందని ఇద్దరికీ సంతోషం. ఎర్రమంచి దగ్గరి ఫ్యాక్టరీలో 2019లో కార్లు తయారై బయటికొచ్చాక హైవే చుట్టూ నేల వెల మారిందని అందరూ ఎరుగుదురు, కాగితాలు మాత్రం అంత తొందరగా మారవు. రేపు ఏ ఫ్యాక్టరీకో రోడ్డుకో భూమి తీసుకోవలసి వస్తే 2013 భూసేకరణ చట్టం ఏం చూస్తుంది? ప్రభుత్వ రిజిస్ట్రేషను ధరను, చుట్టుపక్కల గత మూడేళ్ల దస్తావేజుల్లో ఎక్కువ ధర పలికిన సగానికి సగటును. ఆ రెండింటిలో ఎక్కువదాన్ని పట్టుకుని పరిహారం కడతారు. మా భూమిని మరీ అండర్ వాల్యూ చేశారని రైతులు కలెక్టరేటుకు పోతే, అక్కడి బల్లమీద తెరిచి ఉండేవి ఊరివాళ్ల దస్తావేజులే. వాటి కింద అమ్మినవాళ్ల, కొన్నవాళ్ల సంతకాలుంటాయి.