బోస్టన్ చెరువు నుంచి పూడిమడక పడవ దాకా

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో వసంతం వచ్చిందంటే ఊళ్ల ముందు నుంచే మంచుకొండలు తేలుతూ పోతాయి. గ్రీన్‌లాండ్ హిమానీనదాల నుంచి విరిగిపడిన ముక్కలవి. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎంతసేపు నిలబడినా ఆ దృశ్యం కనబడదు. మన సముద్రం ఏడాది పొడుగునా వెచ్చనే. అయినా ఒకప్పుడు మంచు ఓడెక్కి ఈ బంగాళాఖాతంలోకి వచ్చింది. ఇవాళ పూడిమడక పడవల్లో సూర (ట్యూనా) చేపల మీద పోసే ఐసుకు పూర్వకథ అదే.

బోస్టన్ వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ 1806లో కరీబియన్ దీవి మార్టినిక్‌కు ఐసు పంపాడు. జనం నవ్వారు. నష్టం వచ్చింది, అప్పుల కింద జైలుకూ వెళ్లాడు. అయినా వదల్లేదు. చలికాలం చెరువులు గడ్డకట్టగానే గుర్రాలు లాగే కోత పరికరంతో మంచును గళ్లుగా గీసి దిమ్మలు తీయించేవాడు. ఆ పరికరం నథానియల్ వైయెత్ కనిపెట్టింది. దిమ్మలన్నీ ఒకే కొలతలో రావడంతో సందు లేకుండా పేర్చడం కుదిరింది. మధ్యలో గాలి ఆడదు కాబట్టి కరుగుడు తక్కువ. చుట్టూ రంపపు పొట్టు దట్టించేవారు. కలప మిల్లుల వాళ్లు పారబోసే పొట్టు అది!

1833 మేలో టస్కనీ అనే ఓడ ట్యూడర్ పంపిన 180 టన్నుల ఐసుతో బోస్టన్ వదిలింది. సూయెజ్ కాలువ అప్పటికింకా లేదు. ఆఫ్రికా కొసను చుట్టి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి నాలుగు నెలలకు కలకత్తా చేరేసరికి సుమారు 100 టన్నులు మిగిలింది. సర్కారు సుంకం మాఫీ చేసి, రాత్రిపూట దింపుకోనిచ్చింది. గవర్నర్ జనరల్ బెంటింక్ ట్యూడర్ మనిషికి వెండి కప్పు బహూకరించాడు. తర్వాత మద్రాసు ఒడ్డునా ఐస్ హౌస్ లేచింది. 1897లో వివేకానందుడు బస చేసింది ఆ భవనంలోనే.

ఆ ఐసంతా దొరల గ్లాసుల్లోకీ, జ్వరపీడితుల నుదుటి మీదికీ పోయింది. చేపకు మాత్రం ఉప్పూ ఎండే దిక్కు. 1870ల్లో యంత్రాలతో ఐసు చేయడం మొదలయ్యాక ఓడల వ్యాపారం చల్లబడింది. అమోనియాతో ఉప్పునీటి తొట్టిని సున్నా కంటే తక్కువకు చల్లబరిచి, అందులో మంచినీళ్ల డబ్బాలు దించి దిమ్మలు తీసే పద్ధతి నేటికీ ఐసు ఫ్యాక్టరీల్లో చూడొచ్చు.

అలా ఐసు చేపల పడవల దాకా వచ్చింది. పూడిమడక గేలపు వేటకు పేరున్న ఊరు. ఇక్కడివాళ్లు పసుపు రెక్కల సూరను వల వేసి కాదు, గేలం తాడుతో చేత్తో లాగుతారు. ఆ చేప ఒంట్లో సముద్రం నీటికన్నా ఎక్కువ వేడి ఉంటుంది. గేలానికి చిక్కి పెనుగులాడితే ఇంకా పెరుగుతుంది. చల్లబరచకపోతే ఎర్రటి కండ పాలిపోయి ధర పడిపోతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, వెచ్చదనంలో బాక్టీరియా కండలోని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని తిన్నవాళ్లకు హాని చేసే హిస్టమిన్‌గా మార్చడం. కిలో ఐసు కరిగేటప్పుడు సుమారు 80 కిలోకేలరీల వేడి లాక్కుంటుంది. వేడి ప్రాంతాల్లో చేప ఎంత బరువో ఐసూ అంత ఉండాలని లెక్క. ఐసు రావడంవల్ల బాగుపడ్డవాళ్లలో దొరలకన్నా మన మత్స్యకారులకే నేను పెద్దపీట వేస్తాను.

సూర కొనేటప్పుడు ధర అడిగే ముందు అది ఐసులో ఉందో లేదో చూడండి. ఒకసారి పుట్టిన హిస్టమిన్ ఎంత ఉడికించినా పోదు.