ఆడంబర వ్యయము

అవసరమునకుగాక పరులు చూచి మెచ్చుటకై చేయు ఖర్చు ఆడంబర వ్యయము. 1899లో అమెరికా ఆర్థికవేత్త థార్‌స్టీన్ వెబ్లెన్ దీనిని సవిస్తరముగా విమర్శించెను.

తెలుగునాట దీనికి ప్రధానరంగము వివాహము. పొరుగింటి పందిరికంటె తమ పందిరి ఘనముగా నుండవలెనను పోటీలో అరయెకరము తాకట్టుపెట్టిన తండ్రి, అప్పగింతలైన మరునాటినుండి నూటికి రెండు మూడు రూపాయల నెలవడ్డీ కట్టలేక, చిన్నబిడ్డ చదువు మాన్పించుట పల్లెలలో అరుదు కాదు. ఇంతకంటె క్రూరమైన వేడుక లేదు. ప్రకృతికి గలుగు నష్టమును లెక్కించువారే లేరు: విస్తళ్లలో విడిచిన అన్నము చెత్తగుట్టలలో కుళ్లి మీథేనును వెలువరించును, వీథి మలుపున కట్టిన పీవీసీ ఫ్లెక్సీని కాల్చినచో డయాక్సిను విషములు పుట్టును, నగలకై త్రవ్విన రాతినుండి బంగారమును వేరుచేయుటకు సైనైడు వాడుదురు.

1961 నాటి చట్టము వరకట్నమును నిషేధించెనుగాని, పెండ్లి ఖర్చునకు హద్దు విధింపలేదు.