పరాయి ఇంట్లో పొయ్యి

అతినిద్ర వ్యాధి మన దేశపు జబ్బు కాదు. ఆఫ్రికాలో సెట్సీ ఈగ కుట్టడం వల్ల వస్తుంది. పేరు విని సుఖమైన జబ్బే కాబోలు అనుకునేరు! ముందు జ్వరం, తర్వాత పగలంతా మగత, రాత్రిళ్లు మెలకువ, మతి చలించడం. మందు పడకపోతే దాదాపు మరణమే. 1900 నుంచి రెండు దశాబ్దాలలో ఒక్క ఉగాండా ప్రాంతంలోనే రెండు లక్షలమందికి పైగా పోయారని అంచనా.

ఇదంతా ట్రిపనోసోమ్ అనే ఏకకణ జీవి చేసే పని. దాన్ని చంపడానికి మొదట దొరికింది పాషాణం, అదే ఆర్సెనిక్. క్షయ క్రిమిని కనిపెట్టిన జర్మన్ డాక్టరు రాబర్ట్ కోహ్ 1906లో విక్టోరియా సరస్సులోని సెసే దీవులకు వెళ్లి, రోగులకు అటాక్సిల్ అనే ఆర్సెనిక్ మందు సూదులు వేశాడు. మోతాదు పెంచేసరికి ఇరవైమందికి పైగా చూపు పోయింది. 1949లో వచ్చిన మెలార్సోప్రాల్ కూడా ఆ జాతిదే. నరంలోకి ఎక్కిస్తుంటే ఒకటే మంట. నూటికి అయిదుగురు దాకా ఆ మందు వల్లనే చనిపోయేవారు. అయినా జబ్బు మెదడుకు ఎక్కాక వేరే గతిలేక దశాబ్దాల పాటు దాన్నే ఇచ్చారు. క్రిమికీ రోగికీ తేడా తెలియని మందు మరి!

ఆ తేడా ఎక్కడుందో వెతికితే వంట దగ్గర దొరికింది. మన కణాలు చక్కెరను రెండు దశల్లో వాడుకుంటాయి. ఎక్కువ శక్తి వచ్చేది రెండో దశలోనే. ఆ శక్తి ఏ.టి.పి. అనే పదార్థం రూపంలో చేతికందుతుంది. దాన్ని 1929లో గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. ట్రిపనోసోమ్ మాత్రం మన రక్తంలో ఉన్నన్నాళ్లూ మొదటి దశతోనే సరిపెట్టుకుంటుంది. సగం కాలిన కట్టెను పారేసి కొత్త కట్టె తోసే ఇల్లాలి వంటిదన్నమాట. దుబారా అయితేనేం, చక్కెర పరాయివాళ్లది కదా! కానీ దానికి దాచుకున్న గింజంటూ లేదు. ఒక్కపూట పొయ్యి ఆరితే చావే.

1977లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒపర్‌డూస్, బోర్స్ట్ అనే ఇద్దరు మరో వింత చూశారు. చక్కెరను విరగ్గొట్టే ఎంజైముల్లో మొదటి ఏడింటినీ అది ఒక చిన్న పొరసంచిలో మూటగట్టుకుంటుందట. మన కణాల్లో అవి విడిగానే తిరుగుతాయి. ఆ ఎంజైముల ఆకారంలోనూ కాస్త తేడాలున్నాయి. తాళం వేరైతే దానికే పట్టే చెవి చేయవచ్చు కదా. 2021లో ఎడిన్‌బరో శాస్త్రజ్ఞులు అలాంటి చెవి ఒకటి చేశారు. అది మన ఎంజైమును వదిలేసి క్రిమి ఎంజైమునే పట్టింది, ఎలుకల్లో జబ్బు నయం చేసింది.

ఈలోగా రోగులకు ఊరట వేరే దారిన వచ్చిందనుకోండి. 2018లో ఫెక్సినిడజోల్‌కు అనుమతి లభించింది. చాలామంది రోగులకు ఇప్పుడు సూది అక్కర్లేదు. పది రోజులు, కడుపునిండా తిన్నాక మింగే మాత్రలు.